చివర 5 ఉన్న నంబరుని సరి సంఖ్య అన్న యాప్‌కి ఎన్ని స్టార్లు ఇవ్వాలి

ముందే చెప్పేస్తున్నా, నా రేటింగ్ రెండు స్టార్లు. ఒకటి చిన్న నంబర్ల దగ్గర బాగానే పనిచేసినందుకు, ఇంకోటి మా నాన్నని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వించినందుకు. యాప్ పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇదే జబ్బు ఉన్న సైట్లు తర్వాత ఇంకో మూడు నాలుగు చూశాను, అందరూ చేసే తప్పుకి ఒక్కడినే పట్టుకుని వీధిలో నిలబెట్టడం ఎందుకు అనిపించింది. మీరు వాడుతున్నది ఆ బాపతో కాదో అర నిమిషంలో తేల్చుకునే చిట్కా కింద చెప్తాను.

యాప్ ఏంటంటే, నంబర్ల జాతకం చెప్పేది. మీరు ఒక పూర్ణ సంఖ్య కొడితే అది సరా బేసా, ప్రధాన సంఖ్యా సంయుక్త సంఖ్యా, కారణాంకాలేంటి, మొత్తం ఎన్ని, వర్గమా ఘనమా, త్రిభుజ సంఖ్యా, పరిపూర్ణ సంఖ్యా, బైనరీలో ఎలా ఉంటుంది, ఇలా ముప్పై నలభై గుణాలు ఒక పేజీ నిండా పేరుస్తుంది. ఉచితంగా అయితే ఆరు అంకెల వరకే. అంతకంటే పెద్ద నంబర్లు కావాలంటే ఏడాదికి 299 రూపాయలు. "ఎంత పెద్ద నంబరైనా" అని రాసుంది. ఆ మాట చూసే కట్టాను. అడగకుండానే చివర్లో సంఖ్యాశాస్త్రం కూడా తగిలించారు, ఈ నంబరుకి ఏ గ్రహం, ఏ రంగు కలిసొస్తుంది అని. మనవాళ్లు కారు నంబరు ప్లేటు మొత్తం కూడి తొమ్మిది వస్తేగానీ షోరూమ్ నుంచి బండి కదపరు కాబట్టి ఆ విభాగానికి గిరాకీ ఉండే ఉంటుంది.

నాకు దీని అవసరం ఎలా వచ్చిందంటే, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా అబ్బాయి తాతతో చదరంగం ఆడుతూ, గింజల కథ చెప్పించుకున్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకీ రెట్టింపు చేసుకుంటూ పోతే రాజు ఎన్ని గింజలు ఇవ్వాలి అనే కథ, అందరికీ తెలిసిందే. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. కథ అయ్యాక ఊరుకుంటారా, జవాబుని పద్యంలో చదివారు. పావులూరి మల్లనదిగా చెప్పే పద్యం అది. మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగులో పెట్టినాయన, పదకొండో శతాబ్దం వాడా పన్నెండో శతాబ్దం వాడా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు" అని సాగుతుంది. వినడానికి ఏదో దేవుడి స్తోత్రంలా ఉంటుంది కానీ ఒక్కో మాటా ఒక్కో అంకె. శరం అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్కం 6. రంధ్రాలు 9. వియత్తు అంటే ఆకాశం, సున్నా. నగం కొండ, 7. అగ్ని 3. పద్మజాస్యం అంటే బ్రహ్మగారి ముఖాలు, 4. కుంజరం 8, దిగ్గజాలు ఎనిమిది కదా. అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయని సూత్రం, కాబట్టి మొత్తం రాసుకుని తిరగేస్తే 18446744073709551615.

నేను కాగితం మీద రాసుకుంటూ ఒక విషయం గమనించాను, ఈ నంబర్లో నాలుగు 4లు ఉన్నాయి, నాలుగింటికీ నాలుగు వేర్వేరు మాటలు వాడాడు ఆయన, అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని. మూడు 7లకి నగ, భూధర, గిరి. మొత్తం ఇరవై అంకెల్లో రెండోసారి వచ్చిన మాట శర ఒక్కటే. ఛందస్సు చెడకుండా, అంకె చెడకుండా.

సరే, మన లెక్కలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన ఇంకో నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆ పైన 95,51,615. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే దాదాపు 36,900 కోట్ల టన్నులు అవుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, అంటే సుమారు 700 ఏళ్ల పంట. ఇది విని మా అబ్బాయి "రాజు ఇవ్వలేదు కదా తాతా, మరి ఏమైంది" అంటాడు. నాన్నకి వేరే పట్టుదల. "ఏరా, ఈ నంబరు అసలు ఏ జాతిదో నీ ఫోన్లో చూడు, ఉత్త పెద్ద నంబరేనా, ఇంకేమైనా విశేషం ఉందా" అన్నారు. అలా 299 పోయాయి.

కొట్టాను. పైన నేను కొట్టిన ఇరవై అంకెలూ చక్కగా కనిపించాయి. దాని కింద మొదటి లైనే "సరి సంఖ్య". చివర 5 కనిపిస్తోంది, కింద సరి సంఖ్య అంటోంది. మా అబ్బాయి ఐదో తరగతి, వాడే ముందు పట్టుకున్నాడు. ఇంకా కిందకి వెళ్తే ఖచ్చిత వర్గం, వర్గమూలం 4294967296. ఒకే ఒక్క ప్రధాన కారణాంకం, 2. మొత్తం కారణాంకాలు 65. అంకెల మొత్తం 76. నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి 87 అన్నారు, రెండుసార్లు చూసుకున్నారు, 87 ఏ. చివరికి సంఖ్యాశాస్త్రం దగ్గర, 76 అంటే 13, 13 అంటే 4, కాబట్టి రాహువు, కొత్త పనులు మొదలుపెట్టొద్దు అని ఎర్రక్షరాల్లో. అసలు లెక్క 87 అంటే 15, 15 అంటే 6, శుక్రుడు. నాన్న నవ్వింది ఇక్కడే. "లెక్క తప్పితే తప్పింది గానీ, శుక్రుణ్ని తీసి రాహువుని పెట్టాడురా" అని.

జరిగిందేంటో నాకు తెలుసు, నేను చేసే పని కూడా ఇలాంటి సాఫ్ట్‌వేర్లని పరీక్షించడమే కాబట్టి. ఈ యాప్ లోపల జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నడుస్తోంది. అందులో మామూలుగా నంబరు పెట్టుకునే చోట 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది, అంటే 9007199254740991 వరకు ప్రతి పూర్ణ సంఖ్యనీ నమ్మకంగా దాచుకోగలదు. అది దాటితే దగ్గర్లో తనకి చేతనైన నంబరుకి జరిపేస్తుంది, మనకి చెప్పకుండా. మన నంబరు 2⁶⁴కి ఒక్కటి తక్కువ. అది నోట్లో పట్టక 2⁶⁴ చేసేసింది. 2⁶⁴ అయితే అవును, సరి సంఖ్యే, వర్గమే, కారణాంకాలు 65 ఏ. మళ్లీ అంకెలు కూడేటప్పుడు దాన్ని 18446744073709552000 అని కుదించి రాసుకుంది, అందుకే 76. అంటే పైన చూపించింది ఒక నంబరు, గుణాలు చెప్పింది ఇంకో నంబరుకి, అంకెలు కూడింది మూడో నంబరుకి. పెళ్లిచూపుల్లో అక్కని చూపించి చెల్లెలి జాతకం ఇచ్చినట్టుంది.

చిట్కా ఇదే. మీ యాప్‌లో 9007199254740993 కొట్టండి. బేసి అనాలి. సరి అంటే ఇదే జబ్బు. ఆఫీసుల్లో వాడే స్ప్రెడ్‌షీట్లకి కూడా దీని అన్నదమ్ముల జబ్బే ఉంటుంది, పదిహేను అంకెలు దాటాక సున్నాలు నింపేస్తాయి, పదహారు అంకెల కార్డు నంబరు నంబరుగా టైపు చేసి చివరి అంకె పోగొట్టుకున్న వాళ్లకి తెలుస్తుంది ఆ టెన్షన్.

సపోర్ట్‌కి మెయిల్ పెట్టాను. రెండు రోజులకి జవాబొచ్చింది, చాలా పెద్ద నంబర్లకి ఫలితాలు సుమారుగా ఉండొచ్చు, ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు అని. సరి, బేసిలో సుమారేంటండీ. సుమారుగా బేసి అని ఉంటుందా. దానికి జవాబు రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తే, నాన్న అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది కదా, అందుకని పారీ జీపీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఫ్రాన్స్‌లో బోర్డో యూనివర్సిటీ వాళ్లది, పూర్తిగా ఉచితం, సంఖ్యాసిద్ధాంతం చేసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఆండ్రాయిడ్‌లో పారీడ్రాయిడ్ అని దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే వాళ్ల సైట్లోనే బ్రౌజర్లో నడుస్తుంది. చూడ్డానికి ఏమీ బాగోదు, నల్లటి తెర మీద మెరిసే గీత, రంగులు లేవు, గ్రహాలు లేవు. ఆదేశం మనమే టైపు చేయాలి. కానీ నంబరు ఎంత పెద్దదైనా చివరి అంకె వరకు పట్టుకుంటుంది. దీనికి ఐదు స్టార్లు, ఆరు ఉంటే ఆరు.

ఫ్యాక్టర్ అని కొట్టి నంబరిస్తే రెప్పపాటులో 3, 5, 17, 257, 641, 65537, 6700417 అని ఇచ్చింది. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు లేదు. ఇక్కడ నాకు ఉత్సాహం వచ్చింది. ఎందుకంటే ఈ ముక్కలు ఊరికే వచ్చినవి కావు. ఎనిమిదో తరగతి సూత్రం, a² − b² అంటే (a + b)(a − b), అదొక్కటే మళ్లీ మళ్లీ వాడితే చాలు. 2⁶⁴ − 1 అంటే (2³² + 1)(2³² − 1), ఆ రెండోదాన్ని మళ్లీ (2¹⁶ + 1)(2¹⁶ − 1), అలా దిగుతూ పోతే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 మిగులుతాయి. 2కి 1, 2, 4, 8, 16, 32 ఘాతాలు వేసి 1 కలిపితే వచ్చే వీటన్నిటినీ ఫెర్మా సంఖ్యలంటారు. చదరంగం బల్ల మీద గింజలన్నీ కలిపితే మొదటి ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధం అన్నమాట, ఈ సంగతి నాకు ఇంజినీరింగ్‌లో ఒక్కరూ చెప్పలేదు.

ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640లో ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని ఊహించాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297 దగ్గర 1732లో ఆయిలర్ పట్టుకున్నాడు, 641తో నిశ్శేషంగా భాగించబడుతుందని. మరి 641 ఎలా దొరికింది అంటే, ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే 64తో భాగిస్తే 1 మిగిలేదే అయ్యుండాలని ఆయన చూపించాడు. ఆ రకం ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికేసింది! కాలిక్యులేటర్ లేకుండా. నాన్నకి ఇది చెప్తే "మరి ఫెర్మా ఆ ఐదూ ఎందుకు చేసి చూడలేదురా" అన్నారు. ఏమో మరి.

ఇందులో జర్మన్ గణితవేత్త గాస్‌కి కూడా వాటా ఉంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగలిగే సమ బహుభుజుల గురించి ఆయన 1801లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నదాని ప్రకారం, భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అవ్వాలి. ఇవి తప్ప కుదరవని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. ఇప్పటికి తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఆ ఐదే. వాటిని గుణిస్తే 4294967295, అంటే 2³² − 1. అన్ని భుజాలున్న బొమ్మని గీయొచ్చు, సిద్ధాంతపరంగా, ఓపిక ఉంటే. మన నంబరుకి మాత్రం ఆ అదృష్టం లేదు, 641 వచ్చి చెడగొట్టింది. చదరంగం బల్లలో సరిగ్గా సగం, అంటే 32 గళ్ల వరకు నింపి ఆపేస్తే గీయగలిగే బహుభుజి, మొత్తం నింపితే కాదు. ఇలాంటి మాట ఒక్కటి చెప్తే చాలు కదా, 299 కాదు, 500 అయినా ఇచ్చేవాణ్ని.

కారణాంకాలు మొత్తం ఎన్ని అంటే, ఏడు వేర్వేరు ప్రధానాలు, ఒక్కోదాన్నీ తీసుకోవచ్చు వదిలేయొచ్చు, కాబట్టి 2⁷, అంటే 128. ఇవన్నీ బేసివే. ఇందులోంచి ఇంకో రెండు సంగతులు ఉచితంగా వస్తాయి. ఒకటి, ఈ నంబరుని వరస సంఖ్యల మొత్తంగా, 7 + 8 లాగా అన్నమాట, 127 రకాలుగా రాయొచ్చు. ఇలా ఒక్క రకంగానైనా రాయగలిగే సంఖ్యలని పొలైట్ నంబర్లు అంటారట, మర్యాదస్తులు. రెండోది నాకు బాగా నచ్చింది, రెండు వర్గాల తేడాగా దీన్ని సరిగ్గా 64 రకాలుగా రాయొచ్చు. 128 కారణాంకాలు జతలు కడితే 64 జతలు, ఒక్కో జతకీ ఒక తేడా. గడికొకటి.

తేడా కాకుండా మొత్తం అంటే మాత్రం కుదరదు. రెండు వర్గాల మొత్తంగా రాయలేం, ఎందుకంటే 3 ఒక్కసారే ఉంది కారణాంకంగా. మూడు వర్గాలకీ లొంగదు, 8తో భాగిస్తే 7 మిగులుతుంది, ఆ జాతి సంఖ్యలు మూడు వర్గాల మొత్తం కానే కావు. నాలుగు వర్గాలు కావాల్సిందే. నాలుగుంటే ఏ సంఖ్యకైనా సరిపోతాయని లగ్రాంజ్ 1770లోనే నిరూపించాడు కాబట్టి అక్కడితో ఆగుతుంది.

త్రిభుజ సంఖ్యా అని చూద్దాం అనుకున్నా. 1 + 2 + 3 అని కూడుకుంటూ పోతే వచ్చేవి త్రిభుజ సంఖ్యలు, 1, 3, 6, 10, 15 ఇలా. కాదు అని ఒక్క ముక్కలో చెప్పింది పారీ. ఎందుకు కాదో వెతికితే రామానుజన్ తగిలాడు! ఒక సంఖ్య త్రిభుజ సంఖ్య అవ్వాలంటే దాన్ని 8తో గుణించి 1 కలిపితే వర్గం రావాలి. మన నంబరుకి అలా చేస్తే 2⁶⁷ − 7. అంటే ప్రశ్న ఏంటి, 2 ఘాతం నుంచి 7 తీసేస్తే ఎప్పుడు వర్గం వస్తుంది? సరిగ్గా ఇదే ప్రశ్నని రామానుజన్ 1913లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అడిగాడు, ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడు వస్తుంది, ఇంకేమైనా ఉన్నాయా అని. ఇంకేమీ లేవని 1948లో నార్వే ఆయన నాగెల్ నిరూపించాడు. 67 ఆ ఐదింట్లో లేదు. అయిపోయింది. అంటే గడిగడికీ రెట్టింపు గింజలు పోసుకుంటూ వెళ్తే, మొత్తం త్రిభుజ సంఖ్య అయ్యేది ఒకటో గడి దగ్గర 1, రెండో గడి దగ్గర 3, నాలుగో గడి దగ్గర 15, పన్నెండో గడి దగ్గర 4095, అంతే, బల్ల ఎంత పెద్దది చేసినా ఇంకెప్పుడూ కాదు. యాప్‌లో ఇదంతా "త్రిభుజ సంఖ్య: కాదు" అనే రెండు మాటల్లో పోయింది. ఆ ఒక్క లైను మాత్రం నిజమే చెప్పింది లెండి, వేరే నంబరు గురించి చెప్తూ.

పేర్ల గొడవ కొంచెం చెప్పుకోవాలి. ఈ వర్గీకరణల్లో కొన్ని పేర్లు వింటే నంబరు మీద జాలేస్తుంది. తనని వదిలేసి మిగిలిన కారణాంకాలన్నీ కూడితే తనంత వస్తే పరిపూర్ణ సంఖ్య, తక్కువొస్తే డెఫిషియెంట్. మనది దాదాపు 70 శాతమే వస్తుంది, కాబట్టి లోటు సంఖ్య. బైనరీలో రాస్తే వరసగా అరవై నాలుగు 1లు. ఒకట్ల లెక్క సరి సంఖ్య అయితే ఈవిల్ నంబర్ అంటారు, బేసి అయితే ఓడియస్. ఇంగ్లీషులో ఈవెన్, ఆడ్ మాటలతో ఎవరో సరదాకి పెట్టిన పేర్లు అంతే, మన నంబరు ఈవిల్‌లో పడింది. అంకెల వర్గాలు కూడి, వచ్చినదానికి మళ్లీ అలాగే చేసుకుంటూ 1కి చేరితే హ్యాపీ నంబర్. మనది 515, 51, 26, 40, 16, 37 అని పోయి 16 దగ్గరకే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, హ్యాపీ కాదు. అంకెల మొత్తం 87, దాంతో భాగించబడితే హర్షద్ సంఖ్య. ఆ పేరు పెట్టింది దేవలాలి స్కూలు మాస్టారు కాప్రేకర్, హర్షం ఇచ్చేది అని. 87 అంటే 3 × 29, మన కారణాంకాల్లో 29 లేదు, అదీ కాదు. లోటు ఉన్నవాడు, చెడ్డవాడు, సంతోషం లేనివాడు, కానీ మర్యాదస్తుడు. "మా హెడ్మాస్టర్ లాగా ఉన్నాడే" అన్నారు నాన్న.

వీటిలో సగం ఆటలే, ఒప్పుకుంటాను. అంకెల మొత్తాలు, హ్యాపీలు, మనం పది అంకెలతో రాస్తున్నాం కాబట్టి పుట్టినవి. అదే నంబరుని పదహారు ఆధారంగా రాస్తే పదహారు ఎఫ్‌లు (అక్కడ 15ని ఎఫ్ అని రాస్తారు), అంకెల మొత్తం మారిపోతుంది. ప్రధాన కారణాంకాలు, 128, వర్గాల లెక్కలు, ఇవి ఎలా రాసినా మారవు. యాప్ చేసినవాళ్లు ఈ రెండు రకాలనీ ఒకే జాబితాలో, ఒకే సైజు అక్షరాల్లో, చింతకాయలూ మామిడికాయలూ ఒకే గంపలో పోసినట్టు పోసేశారు. లెక్క తప్పడం కంటే నాకు ఇదే ఎక్కువ చికాకు, ఎందుకంటే బగ్ అయితే ఒక రోజులో బాగుచేసుకోవచ్చు. ఒక్క ఆట సంగతి మాత్రం నేను కూడా దాచుకున్నాను, ఏ యాప్ జాబితాలోనూ కనిపించలేదు. ఈ ఇరవై అంకెల్లో 0 నుంచి 9 వరకు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. లేనిది 2. మొత్తం 2లతోనే పుట్టిన నంబరు.

ఇంకో సర్వీసు గురించి రెండు మాటలు. ఓఈఐఎస్ అని, పూర్ణ సంఖ్యల వరసల విజ్ఞాన సర్వస్వం, స్లోన్ అనే గణితవేత్త 1964లో కార్డుల మీద మొదలుపెట్టింది, 1996 నుంచి ఇంటర్నెట్లో ఉంది. ఉచితం. అందులో మీ నంబరు కొడితే అది ఏయే వరసల్లో ఉందో చూపిస్తుంది. 1, 3, 15, 255, 65535, 4294967295, ఆ తర్వాత మనవాడు, ఆ వరస దొరికింది. రామానుజన్ దారి కూడా అక్కడి వ్యాఖ్యల్లోంచే పట్టుకున్నాను. లూకాస్ 1883లో అమ్మకానికి పెట్టిన హనోయ్ గోపురం ఆట కూడా ఇక్కడికే వస్తుంది, 64 పళ్లేలు ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి మార్చాలంటే సరిగ్గా ఇన్నే ఎత్తులు, సెకనుకి ఒకటి చేసినా 58,000 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. లైనక్స్ ఉన్నవాళ్లకైతే టెర్మినల్లో ఫ్యాక్టర్ అనే ఆదేశం ఎలాగూ ఉంటుంది, ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ పెట్టుకున్నా వస్తుంది. నేను సరిచూసుకున్నది దాంతోనే, ఏడు ముక్కలూ అవే.

యాప్‌కి మళ్లీ వస్తే, పది పన్నెండు అంకెల వరకు నేను చూసినవన్నీ కరెక్టే. 4294967297 ఇస్తే 641 × 6700417 అని సరిగ్గానే చెప్పింది. తెర అందంగా ఉంది, తెలుగు కూడా ఉంది, ఆ తెలుగు కూడా మరీ యంత్రం చేసినట్టు లేదు. పిల్లలకి హోంవర్క్ వరకు పనికొస్తుంది. కానీ "ఎంత పెద్ద నంబరైనా" అనే మాట తీసేయాలి, లేదా 9007199254740991 దాటితే ఎర్రగీత గీసి మాకు చేతకాదు అని చెప్పాలి. జావాస్క్రిప్ట్‌లోనే పెద్ద పూర్ణ సంఖ్యలకి బిగ్ఇంట్ అని వేరే ఏర్పాటు ఉంది, అది వాడితే ఈ బాధే లేదు.

రీఫండ్ అడిగాను, గడువు దాటిపోయిందన్నారు. ఆటో రెన్యూవల్ తీసేశాను, మీరు తీసుకుంటే మొదటి రోజే అది తీసేయండి, సెట్టింగ్స్‌లో కాదు, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్లలో ఉంటుంది. వచ్చే సంక్రాంతి దాకా యాప్ పనిచేస్తుందట. నాన్న అప్పుడప్పుడూ తీసి ఆ ఇరవై అంకెలూ కొడుతున్నారు, రాహువు పోయాడేమోనని.